శాఖ మార్చమనే విన్నపానికి నిబంధనే బలం

ఉద్యోగిని ఒక చోటు నుంచి మరొక చోటుకు, ఒక విభాగం నుంచి మరొక విభాగానికి పంపే అధికారం యజమానిది. తనను మార్చమని ఉద్యోగి అడిగినప్పుడు మాత్రం అది విన్నపమే అవుతుంది. దేశంలో సర్వీసు వ్యవహారాలన్నీ ఈ అసమానతపైనే సాగుతున్నాయి. బదిలీ ఉద్యోగంలో అంతర్భాగమని, ఫలానా చోటనే కొనసాగే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 1991లో బీహార్‌కు చెందిన ఒక కేసులో స్పష్టం చేసింది. కోరిన చోటుకే పంపాలని ఉద్యోగి పట్టుబట్టలేరని 2021లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన మరో కేసులో పునరుద్ఘాటించింది. అయినప్పటికీ కొన్ని సందర్భాల్లో ఈ విన్నపం హక్కుగా మారింది. మరికొన్నింటిలో దశాబ్దాలు గడిచినా విన్నపంగానే ఉండిపోయింది. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నది లక్షలాది ఉద్యోగ కుటుంబాలకు సంబంధించిన ప్రశ్న.

దంపతుల విషయాన్ని ముందుగా పరిశీలించవచ్చు. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే వీలైనంతవరకు ఒకేచోట నియమించాలని కేంద్ర ప్రభుత్వ సిబ్బంది, శిక్షణ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 1986 నుంచి ఉన్న ఈ విధానాన్ని 2009 సెప్టెంబరులో మరింత గట్టిగా పునరుద్ఘాటించారు. అయితే మార్గదర్శకం వేరు, హక్కు వేరు. షిల్లాంగ్ నుంచి పౌరీకి బదిలీ అయిన ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగి తన భార్య షిల్లాంగ్‌లోనే పనిచేస్తున్నదని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఇటువంటి మార్గదర్శకాలను అధికారులు దృష్టిలో ఉంచుకోవాలే గాని, అవి ఉద్యోగికి చట్టబద్ధమైన హక్కును కల్పించవని 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ సమస్య కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డులో మరింత తీవ్రమైంది. ఆ సంస్థలో ఇన్‌స్పెక్టర్లకు సంబంధించి ప్రతి కమిషనరేట్ పరిధికీ ప్రత్యేకమైన కేడర్ ఉంటుంది. ఒక పరిధి నుంచి మరొకదానికి మారాలంటే కేడరే మారాలి. పాత నియామక నిబంధనల్లో అందుకు వీలుండేది. 2016 నాటి కొత్త నిబంధనల్లో ఆ వెసులుబాటు లేకపోవడంతో, ఇటువంటి మార్పులను నిలిపివేస్తూ బోర్డు 2018 సెప్టెంబరు 20న సర్క్యులర్ జారీ చేసింది. ఒక్క వాక్యం నిబంధనల్లో లేకపోవడంతో వేర్వేరు రాష్ట్రాల్లో పనిచేస్తున్న దంపతులకు కలిసి జీవించే మార్గం మూసుకుపోయింది.

వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2022 మార్చి 10న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ విక్రమ్ నాథ్‌ల ధర్మాసనం ఆ సర్క్యులర్‌ను సమర్థించింది. నిబంధనల్లో లేని మార్గాన్ని పాలనాపరమైన ఉత్తర్వుతో తెరవడం కుదరదన్నది దాని సారాంశం. అదే తీర్పులో ధర్మాసనం ప్రభుత్వానికి మరో మాట కూడా చెప్పింది. దంపతుల నియామకం, దివ్యాంగుల అవసరాలు, కారుణ్య పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని విధానాన్ని పునఃపరిశీలించాలని సూచించింది. కుటుంబ బాధ్యతల భారం స్త్రీలపైనే అధికంగా పడుతున్న సమాజంలో, అందరికీ ఒకే తీరుగా వర్తించే నిబంధన కూడా వివక్షకు దారితీయగలదని గుర్తుచేసింది. న్యాయస్థానం సానుభూతి చూపింది. కానీ తలుపు తెరిచే తాళంచెవి నిబంధనలు రాసేవారి చేతుల్లోనే ఉన్నదని చెప్పకనే చెప్పింది.

నిబంధన రాసిపెట్టి ఉన్నచోట ఫలితం వేరుగా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం సంభవించిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షను నిర్దేశిస్తున్నది. చేస్తున్న పనికి తగనివారైతే అదే వేతన శ్రేణిలో మరో పోస్టుకు మార్చాలి. తగిన పోస్టు లేకపోతే అది దొరికేవరకు, లేదా పదవీ విరమణ వయసు వచ్చేవరకు, అదనపు పోస్టులోనైనా కొనసాగించాలి.

తెలంగాణకు చెందిన ఒక ఆర్టీసీ డ్రైవరు కేసు ఇందుకు మరో ఉదాహరణ. 2014లో ఉద్యోగంలో చేరిన ఆయనకు వర్ణాంధత్వం ఉన్నదని తేలడంతో 2016లో వైద్య కారణాలపై విరమింపజేశారు. వేరే పని ఇవ్వమన్న అభ్యర్థనను సంస్థ అంగీకరించలేదు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పునిచ్చి, అదే వేతన శ్రేణిలో తగిన ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ప్రధాన ఆధారం 1979లో సంస్థకు, కార్మిక సంఘాలకు మధ్య కుదిరిన ఒప్పందం. రంగులు గుర్తించలేని డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం కల్పించాలన్న నిబంధన అందులో ఉన్నది. నాలుగున్నర దశాబ్దాల క్రితం కార్మిక ప్రతినిధులు రాయించుకున్న ఒక షరతు, అప్పటికి ఉద్యోగంలోనే లేని ఒక కార్మికుని జీవనోపాధిని నిలబెట్టింది.

పనిచేసే చోట లైంగిక వేధింపులకు గురైన మహిళలకు 2013 నాటి చట్టం ఇదే విధమైన రక్షణ కల్పిస్తున్నది. విచారణ సాగుతుండగా బాధితురాలు లిఖితపూర్వకంగా కోరితే, ఆమెను గాని, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని గాని వేరే చోటుకు మార్చాలని విచారణ సంఘం సిఫారసు చేయవచ్చు. దానిని యజమాని అమలు చేయవలసి ఉంటుంది. అక్కడ ఉద్యోగిని ఎవరి దయకోసమూ ఎదురుచూడనవసరం లేదు.

విన్నపం ఫలించినా మూల్యం తప్పదు. సొంత కోరికపై మరొక యూనిట్‌కు మారిన ఉద్యోగి పాత సీనియారిటీని వదులుకోవలసి వస్తుంది. కొత్తచోట అప్పటికే ఉన్నవారి తరువాతి స్థానమే దక్కుతుంది. కేరళకు చెందిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే ఆమోదించింది. అక్కడివారి పదోన్నతి అవకాశాలు దెబ్బతినకూడదన్నది అందులోని న్యాయం. అందువల్ల పిల్లల చదువు కోసమో, వృద్ధులైన తల్లిదండ్రుల సంరక్షణ కోసమో మారదలచినవారు ఎన్నో ఏళ్ల సర్వీసు విలువను బేరీజు వేసుకోక తప్పదు. పరీక్ష రాసి వేరే శాఖకు వెళ్లే కేంద్ర ఉద్యోగుల పరిస్థితి కొంత మెరుగు. సరైన మార్గంలో దరఖాస్తు చేసి, అనుమతితో వెళితే వారి రాజీనామాను సాంకేతికమైనదిగానే పరిగణిస్తారు. పాత సర్వీసు ప్రయోజనాలు వృథా కావు.

ఉద్యోగి అడగకుండానే శాఖ మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను 2020లో రద్దు చేశారు. సుమారు అయిదు వేల మందిని 2022లో లాటరీ పద్ధతిన ఇతర శాఖలకు కేటాయించారు. భూమి రికార్డులతో ఏళ్ల తరబడి పనిచేసినవారు ఆ అనుభవంతో సంబంధం లేని పనుల్లో కుదురుకోవలసి వచ్చింది. 2025లో ప్రభుత్వం గ్రామ పాలన అధికారి పోస్టులను ఏర్పాటు చేసి, పూర్వపు వీఆర్వోలు, వీఆర్ఏలలో ఆసక్తి చూపినవారికి పరీక్ష నిర్వహించి, సెప్టెంబరులో నియామక పత్రాలు అందజేసింది. ఉద్యోగి ఇష్టాన్ని అడిగి తెలుసుకోవడం పాలనకు కూడా మేలని ఈ అయిదేళ్ల పరిణామం సూచిస్తున్నది.

నిబంధన మౌనంగా ఉన్నచోట సిఫారసు మాట్లాడుతుంది. పై అధికారులపై రాజకీయ ఒత్తిడి తేవడాన్ని కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలోని 20వ నిబంధన నిషేధిస్తున్నది. అయినా బదిలీలపై నిషేధం సడలించిన ప్రతిసారీ ప్రజాప్రతినిధుల ఇళ్ల ముందు దరఖాస్తుదారులు బారులు తీరడం ఉభయ తెలుగు రాష్ట్రాలకూ కొత్త కాదు. దీనికి విరుగుడు ఉపాధ్యాయుల విషయంలో కొంతవరకు కనిపిస్తున్నది. ఖాళీలను ముందే ప్రకటించడం, పాయింట్లు కేటాయించడం, కౌన్సెలింగ్ ద్వారా ఎంపికకు వీలు కల్పించడం వంటి పద్ధతులు అక్కడ స్థిరపడ్డాయి. కర్ణాటక 2020లో, ఆంధ్రప్రదేశ్ 2025లో ఉపాధ్యాయుల బదిలీలకు ప్రత్యేక చట్టాలే చేశాయి. అడిగినవారందరికీ కోరిన చోటు దొరకదు గాని, తనకు ఎందుకు దొరకలేదో తెలుసుకునే అవకాశం ప్రతి ఒక్కరికీ ఉంటుంది.

ప్రైవేటు రంగంలో ఈ మాత్రపు భరోసా కూడా అరుదు. విభాగం మార్పు నియామక పత్రంలోని షరతులపైన, సంస్థ అంతర్గత విధానంపైన, తరచుగా ప్రస్తుత మేనేజరు సమ్మతిపైన ఆధారపడి ఉంటుంది. ఎవరినుంచి దూరంగా వెళ్లాలని ఉద్యోగి కోరుకుంటున్నారో వారి సంతకమే అవసరమైనప్పుడు, చాలామంది రాజీనామానే సులువైన మార్గంగా ఎంచుకుంటారు.

ప్రతి విన్నపాన్నీ అంగీకరించడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. మారుమూల పాఠశాలకు, సరిహద్దు తనిఖీ కేంద్రానికి కూడా మనుషులు కావాలి. కానీ ఎవరు అడగవచ్చు, ఎప్పటిలోగా జవాబు రావాలి, నిరాకరిస్తే కారణం ఏమిటి అన్న మూడు విషయాలను కాగితంపై పెట్టడం ఎవరికీ అసాధ్యం కాదు. 2022 తీర్పు ప్రభుత్వానికి అప్పగించిన పని కూడా ఇటువంటిదే. ఆ పని పూర్తయ్యే వరకు కుటుంబాలు కలవడం, విడిపోవడం అధికారి విచక్షణకే వదిలేసినట్లవుతుంది.