వార్డులో నేర్చిన భాష

మా అమ్మాయికి అబిటూర్ అయింది. జపనీస్ మెయిన్‌గా, ఎకనామిక్స్ రెండో సబ్జెక్టుగా చదువుతానంది. హైడెల్‌బర్గా, ట్యూబింగెనా? స్టుట్‌గార్ట్ నుంచి రెండూ రైల్లో గంట అటూ ఇటూ. ఇక్కడి అబిటూర్ కాబట్టి, బయటి దేశాల పిల్లలు సెమిస్టరుకి కట్టే 1,500 యూరోల ఫీజు రెండుచోట్లా లేదు.

"పేరున్న హైడెల్‌బర్గ్‌కే వెళ్లవే" అన్నాను.

"ట్యూబింగెన్‌కి క్యోటోలో సొంత సెంటరుందమ్మా. కొన్నాళ్లు అక్కడే చదవాలి" అంది.

అంత దూరమా అని గుండె జారింది. ఆ రాత్రి డ్యూటీలో గుర్తొచ్చింది. బి2 పాసై వచ్చిన నాకు, మొదటి వారం ఓ పెద్దాయన ష్వేబిష్ యాసలో మంచినీళ్లడిగితే అర్థం కాలేదు. ఆ తర్వాత భాష నేర్పింది వార్డే. పొద్దున్నే ఇంటికొచ్చి సరేనన్నాను.

మీరూ యూనివర్సిటీ పేరు కంటే ముందు ఇదే అడగండి అక్కా: ఆ భాష మాట్లాడే ఊళ్లో పిల్లల్ని ఎన్నాళ్లు ఉంచుతారు?