గ్యాస్ మాత్రకూ ఒక గడువుండాలి

"గ్యాస్ మాత్రే కదా, ఏమవుతుంది?" ఈ మాట రోగి అంటాడు, మందుల షాపతను అంటాడు, ఒక్కోసారి డాక్టరూ అంటాడు. మోకాళ్ల నొప్పికి వెళ్లినా, జ్వరానికి వెళ్లినా చీటీలో పాంటోప్రజోల్ తప్పదు. మిగతా మందులు వారానికి అయిపోతాయి. ఇది మాత్రం పరగడుపు కాఫీలాగా ఏళ్ల తరబడి ఇంట్లో పాతుకుపోతుంది. నాకు మందు మీద కోపం లేదు. ఆ "ఏమవుతుంది" అనే ధీమా మీదే నా అభ్యంతరం.

కడుపులో ఆమ్లం ఎంత తగ్గితే అంత మేలన్న నమ్మకమే ఈ ధీమాకు మూలం. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉండే బి12 విటమిన్ ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని విడిపించేవి కడుపులోని ఆమ్లం, పెప్సిన్. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మందులు ఆమ్లాన్ని ఊరించే పంపునే ఆపేస్తాయి. మంట చల్లారుతుంది, బి12ను విడిపించే పనీ కుంటుపడుతుంది. నరాల మీది మైలిన్ తొడుగు నిలవాలంటే బి12 ఉండాల్సిందే. అది కొరవడితే అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, చీకట్లో నడుస్తుంటే తూలడం మొదలవుతాయి.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2013లో కాలిఫోర్నియా అధ్యయనం ఒకటి వచ్చింది. ఈ మాత్రలు రెండేళ్లకు పైగా వాడినవారిలో బి12 లోపం బయటపడే అవకాశం 65 శాతం ఎక్కువని తేలింది. రానిటిడిన్ తరహా పాత మందులతో అది 25 శాతం ఎక్కువ. మాత్ర, లోపం రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని వాదించేవారున్నారు. ఒప్పుకుంటాను. కానీ ఆమ్లం లేకపోతే బి12 సరిగా విడిపడదన్నది శరీరధర్మ శాస్త్రం ఎప్పుడో చెప్పిన సంగతి.

"పదేళ్లుగా వేసుకుంటున్నాం, మాకేమీ కాలేదే!" అంటారు ఇంకొందరు. బి12 నిల్వ కాలేయంలో ఏళ్లకు సరిపడా ఉంటుంది. అది అడుగంటేసరికి ఆ మాత్ర మొదలుపెట్టిన రోజు ఎవరికీ గుర్తుండదు. మా మేనత్తకు జరిగింది ఇదే. నొప్పి మాత్రలు మానేసినా వాటికి తోడుగా ఇచ్చిన గ్యాస్ మాత్రను ఆరేళ్లు వేసుకుంది. అరికాళ్లు మొద్దుబారితే అందరం షుగరే కారణమనుకున్నాం. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుందని మాకెవరూ చెప్పలేదు. పాత చీటీలన్నీ తిరగేసిన ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించాకే అసలు సంగతి తేలింది. ఇంజెక్షన్లతో అరికాళ్ల మంటలు తగ్గాయి. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు.

మెగ్నీషియం సంగతీ ఇలాంటిదే. ఈ మందుల దీర్ఘకాల వాడకంతో అది పడిపోవచ్చని, కండరాలు పట్టేయడం, గుండె లయ తప్పడం జరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది.

రక్తనాళాల విషయంలో మాత్రం తూకం తప్పకుండా మాట్లాడాలి. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను ఈ మందులు తగ్గించవచ్చని 2013 నాటి ప్రయోగశాల పరిశోధన సూచించింది. నాళాల లోపలి పొర కణాలు త్వరగా ముదురుతున్నాయని 2016లో మరొకటి చెప్పింది. అయితే 2019లో వెలువడిన కంపాస్ ప్రయోగంలో 17,598 మందికి పాంటోప్రజోల్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి సుమారు మూడేళ్లు గమనిస్తే గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. కాబట్టి గుండె ఆగిపోతుందని బెదిరించేవాళ్ల మాటా నమ్మొద్దు. అలాగని ఆ మూడేళ్ల భరోసాను జీవితాంతానికి సాగదీయడమూ సరికాదు.

అల్సరు నుంచి రక్తం పోయినవారికి, అన్నవాహికలో పుండ్లు పడినవారికి, రక్తస్రావం ముప్పుతో ఆస్పిరిన్ వాడుతున్నవారికి ఇది ప్రాణరక్షక మందు. వాళ్లు సొంతంగా మానకూడదు. మిగతావారిలో చాలామంది "మానితే మంట తిరగబెడుతోంది, ఇక తప్పదు" అనుకుంటారు. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఆరోగ్యవంతులకే ఎనిమిది వారాలు ఈ రకం మందు ఇచ్చి ఆపేస్తే 44 శాతం మందికి మంట, పులితేన్పుల వంటి బాధలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో వచ్చింది 15 శాతం మందికే. అంటే ఆ మంట జబ్బుదే కానక్కర్లేదు, మందు ఆపినందుకు వచ్చిందీ కావచ్చు. డాక్టరు సలహాతో మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు.

అందుకే చీటీలో గ్యాస్ మాత్ర ఎందుకు, ఎప్పటివరకు అన్నవి రెండూ రాయాలి. ఏళ్లుగా వాడుతున్నవారికి, అందులోనూ మెట్‌ఫార్మిన్ వేసుకునేవారికి, శాకాహారులకు బి12 పరీక్ష చేయించాలి. లోపముంటే దిద్దుకోవడం కష్టమేమీ కాదు. మాత్రలోని బి12 ప్రొటీన్‌కు అంటుకుని ఉండదు కనుక దానికి ఆమ్లం సాయం అక్కర్లేదు. కడుపు మంట తగ్గిందా అని అడిగే డాక్టరు, అరికాళ్లకు నేల తెలుస్తోందా అని కూడా అడగాలి.