సైకిల్‌కు మనం పడ్డ బాకీ

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినం. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. అప్పటి నుంచి ఏటా ఆ రోజు ఆరోగ్యం మీదా కాలుష్యం మీదా నాలుగు మంచి మాటలు వినపడతాయి, మర్నాటికి సద్దుమణుగుతాయి. సాహిత్య పత్రిక అడగాల్సిన ప్రశ్న వేరు. కరీంనగర్, వరంగల్ నడుమ ఉన్న మన హుజూరాబాద్ లాంటి ఊళ్ళను రెండు మూడు తరాల పాటు మోసిన బండి ఇది. దాని మీద చదవదగ్గ పుస్తకాలేవి? వాటిలో మనవెన్ని?

తెలుగు యాత్రాసాహిత్యానికి వాహనాల కొరత లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి పల్లకిలో బయల్దేరి హైదరాబాదు, నిర్మల్ మీదుగా కాశీకి పోయాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆదినారాయణ కాలినడకన తిరిగి ‘భ్రమణకాంక్ష’ రాశారు. పరవస్తు లోకేశ్వర్ ఛత్తీస్‌గఢ్ చుట్టి వచ్చి, పుస్తకం పేరులోనే స్కూటర్‌ను కూర్చోబెట్టారు. యాత్రాసాహిత్యం మీద సభ పెడితే పల్లకి, కాలినడక, స్కూటర్ అన్నీ ప్రస్తావనకు వస్తాయి. సైకిల్ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

బెంగాలీలకు ఈ లోటు లేదు. 1931లో సింగపూర్ నుంచి సైకిలెక్కిన రామ్‌నాథ్ బిశ్వాస్ దేశదేశాలు తిరిగి ముప్పైకి పైగా పుస్తకాలు రాశాడు. అంతకు ముందే, 1926లో, కలకత్తా నుంచి ముగ్గురు మిత్రులతో బయల్దేరిన బిమల్ ముఖర్జీ దారిలో దొరికిన పనల్లా చేసుకుంటూ 1937లో ఇల్లు చేరాడు. ఆయన ‘దు చాకాయ్ దునియా’ 1986లో గానీ వెలువడలేదు. తిరిగొచ్చాక యాభై ఏళ్ళకు పుస్తకం వచ్చిందంటే, ఆలస్యమైందని కలం పట్టడం మానుకోనక్కర లేదన్న మాట.

బొంబాయి పార్సీ యువకులది మరో కథ. 1923 అక్టోబరులో ఆరుగురు బయల్దేరారు. చివరిదాకా నిలిచింది ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా. నాలుగున్నరేళ్ళలో దాదాపు 71 వేల కిలోమీటర్లు తొక్కి 1928 మార్చిలో బొంబాయి చేరారు. వాళ్ళు ఇంగ్లిషులో రాసిన ‘విత్ సైక్లిస్ట్స్ ఎరౌండ్ ది వరల్డ్’ 1931లో వచ్చింది, నెహ్రూ ముందుమాటతో. పరాయి పాలనలో ఉన్న దేశపు కుర్రాళ్ళు ఎవరి దయా లేకుండా సొంత పిక్కల బలంతో ప్రపంచం చూసి రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఈ దారి వేసినవాడు థామస్ స్టీవెన్స్. ముందు చక్రం చాలా పెద్దగా ఉండే పాతకాలపు బండి మీద 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో వదిలి 1886 చివర యొకొహామా చేరాడు. నడుమ మన గ్రాండ్ ట్రంక్ రోడ్డు వెంట కలకత్తా దాకా వచ్చాడు. ఆయన రెండు సంపుటాలు కుతూహలం కొద్దీ చదవచ్చు. తెల్లవాడినన్న దర్పం పేజీ పేజీకీ తగులుతుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టాలి.

ఒక్క పుస్తకమే చదవగలం అనేవాళ్ళకు మేం చెప్పేది డెర్వ్‌లా మర్ఫీ ‘ఫుల్ టిల్ట్’. ఈ ఐర్లండ్ మనిషికి పదో పుట్టినరోజున ఒక సైకిలూ ఒక అట్లాసూ చేతికొచ్చాయి. ఇండియాకు సైకిల్ మీద పోవాలని అప్పుడే అనుకుంది. ముప్పై దాటాక, 1963 జనవరిలో, యూరప్ గడ్డకట్టిన చలిలో బయల్దేరింది. బండి పేరు రోజ్. డాన్ కిహోటే గుర్రం పేరుకు అది ముద్దుపేరు. దానికున్న గేర్లు మన దిక్కు రోడ్లకు ఆగవని ముందే ఊడబీకించింది. అంటే అఫ్గానిస్తాన్ కొండలను ఆమె ఎక్కింది మన ఊరి బండి లాంటి గేర్లు లేని బండితోనే. 1965లో వచ్చిన ఈ పుస్తకంలో కిలోమీటర్ల లెక్క తక్కువ, మనుషులు ఎక్కువ. ఎవరి ఇంట్లో పడుకుంది, ఎవరు రొట్టె పెట్టారు, ఎవరు అనుమానంగా చూశారు, అదీ కథ. కారులో పోయేవాడికి దారి కావాలి, సైకిల్ మీద పోయేవాడికి దారి పొడుగునా మనుషులు కావాలి. ఆ అవసరాన్ని దాచకపోవడమే ఆమె గొప్పతనం.

ఇక్కడే ఒక పేచీ ఉంది. పైవాళ్ళంతా తొక్కాలనిపించి తొక్కినవాళ్ళు. తొక్కకపోతే పూట గడవని వాళ్ళు రాయలేదు. వాళ్ళ తరఫున రాసినవారిలో పి. సాయినాథ్ ముఖ్యుడు. 1996లో వచ్చిన ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్’లో రెండు సైకిళ్ళున్నాయి. ఒకటి ఇప్పటి జార్ఖండ్‌లోని గొడ్డా జిల్లాలో క్వింటాళ్ళ కొద్దీ బొగ్గు కట్టుకుని, ఎక్కి తొక్కే వీల్లేక పదుల కిలోమీటర్లు తోసుకుంటూ పోయే సైకిల్. రెండోది తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు లక్షమంది ఆడవాళ్ళు నేర్చుకున్న సైకిల్. లేడీస్ సైకిళ్ళు దొరక్క కొందరు మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. కొన్నాక అవే మేలనుకున్నారు, నడుమ రాడ్డు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా. ఆ రాడ్డును గమనించిన కన్ను లక్ష అనే అంకె కన్నా ఎక్కువ చెప్పింది. అమెరికాలో ఫ్రాన్సెస్ విల్లార్డ్ యాభై మూడేళ్ళ వయసులో సైకిల్ నేర్చుకుని 1895లో ‘ఎ వీల్ వితిన్ ఎ వీల్’ అనే చిన్న పుస్తకం రాసింది. దాన్నీ సాయినాథ్ పుదుక్కోట్టై కథనాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మన దగ్గర ఇలాంటి సరుకు కుప్పలుగా పడి ఉంది. తెల్లారకముందే మోకు, ముస్తాదు సైకిల్‌కు కట్టుకుని తాటివనానికి పోయే గీత కార్మికుడు, తిరుగుదారిలో రెండు దిక్కులా లొట్లు వేలాడేసుకుని కల్లు తొణకకుండా ఎస్సారెస్పీ కాలువ కట్ట మీద ఎట్లా తొక్కేవాడు? గోదావరిఖనిలో సైరన్ కూతకు సైకిలెక్కిన బొగ్గుగని కార్మికుడు రాత్రి షిఫ్టు దిగి నిద్రకళ్ళతో ఇల్లెట్లా చేరేవాడు? కిరాయి సైకిల్ షాపులు ఇంకా చాలామందికి గుర్తే. మడ్‌గార్డు మీద తెల్లరంగు నంబరు, నోటుబుక్కులో పేరు, తండ్రి పేరు, తీసుకున్న టైము. సీటెక్కితే కాళ్ళందని పిలగాండ్లు రాడ్డు కింది నుంచి కాలు దూర్చి కాంచీ తొక్కుతూ, గంట దాటితే మరో గంట కిరాయి పడుతుందని చెమటలు కక్కుకుంటూ వాపసు వచ్చేవాళ్ళు.

అన్నిటికీ మించి సైకిల్ ఫీట్లు. ఊళ్ళో ఖాళీ జాగాలో గుండ్రంగా తాడు కట్టి, మైకులో పాటలు పెట్టి, ఒక మనిషి రోజుల తరబడి దిగకుండా తొక్కేవాడు. సైకిల్ మీదే తిండి, సైకిల్ మీదే స్నానం. చివరి రోజు మెడలో నోట్ల దండ. బొంబాయి కుర్రాళ్ళు ప్రపంచం చుట్టారు. ఇతడు అదే గుండ్రంలో తిరిగాడు, ప్రపంచమే టార్చిలైటు పట్టుకుని అతణ్ణి చూడవచ్చింది. తాడు అవతలి జనాన్ని అతడి కళ్ళతో చూపించే నవల తెలుగులో రావాలి. ఐర్లండ్ రచయిత ఫ్లాన్ ఒబ్రయన్ ‘ది థర్డ్ పోలీస్‌మన్’లో ఒక పోలీసాయన వాదిస్తాడు: ఏళ్ళ తరబడి తొక్కితే మనిషిలోని అణువులు సైకిల్లోకీ, సైకిల్‌వి మనిషిలోకీ చేరతాయట. వేళాకోళానికే అన్నా, ఫీట్ల మనిషిని చూసినవాళ్ళు దాన్ని కొట్టిపారేయలేరు.

అందుకే మా సిఫారసు రెండు భాగాలు. పై పుస్తకాలు చదవండి. సాహసం కోసం కాదు, నెమ్మదిగా పోయే మనిషికి ఏమేం కనపడతాయో నేర్చుకోవడానికి. ఆ తర్వాత మీ ఇంటి పెద్దవాళ్ళను అడగండి: మొదటి సైకిల్ ఏ డబ్బుతో వచ్చింది, ఎవరి పెండ్లిలో కట్నంగా పెట్టారు, దేనికి అమ్మారు. ఆడవాళ్ళను విడిగా అడగండి: ఎవరు నేర్పారు, ఎవరు వద్దన్నారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే రాసి పంపండి. అలంకారాలు అక్కర్లేదు, పేజీల పరిమితి లేదు. వచ్చే సంచికలో సగం పేజీలు వాటికే ఉంచుతున్నాం.