గని లైన్లలో ఇళ్లకు హక్కుపత్రాలివ్వండి, ఖాళీ క్వార్టర్లు బాగుచేసి అద్దెకివ్వండి

రాయల్పాడు, గౌనిపల్లి, శ్రీనివాసపురం, ములబాగిలు, బంగారుపేట, కేజీఎఫ్ ప్రజలకు విన్నపం



మన హోబళిలో మామిడి కోతలు అయిపోగానే పిల్లలు బస్సెక్కుతారు. కొందరు బెంగళూరికి పోతారు, కొందరు నరసాపుర, వేమగల్ ఫ్యాక్టరీలకు పోతారు. పని ఎలాగో దొరుకుతోంది, తల దాచుకునే చోటే దొరకడం లేదు. పీజీల్లో ఒక్కో గదికి నాలుగైదు మంచాలు వేసి మంచానికింతని వసూలు చేస్తున్నారు. పెళ్లయినవాడు సంసారం పెట్టాలంటే బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టమంటారు. అంత డబ్బు ఎక్కడ తెస్తాడు? భార్యాబిడ్డల్ని ఊళ్లో వదిలిపెట్టి పండక్కో జాతరకో వచ్చిపోతాడు. ఇలా విడివిడిగా బతుకుతున్న సంసారాలు మన పల్లెల్లో ఇంటింటా ఉన్నాయి.

మన జిల్లాలోనే, వీధులూ బడులూ ఆటస్థలాలూ రైలుస్టేషన్లూ అన్నీ ఉన్న పట్టణం ఒకటి కళ్లముందే పాడుబడుతోంది. అదే కేజీఎఫ్, కోలారు బంగారు గనుల పట్టణం. ఈ కరపత్రం దాని గురించే.

1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో పని మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఈ నూట ఇరవై ఏళ్లలో ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్లు వేలాదిగా వచ్చి భూమి లోపలికి దిగారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. శివనసముద్రం నుంచి 1902లో కరెంటు తెచ్చింది ఈ గనుల కోసమే, బెంగళూరులో వీధి దీపాలు వెలగడానికి మూడేళ్ల ముందు. మరి గని దిగిన మనిషికి దొరికిందేమిటి? మొదట్లో వెదురు తట్టీల గుడిసె. తర్వాత లైన్లలో, అంటే కార్మికుల కోసం వరసగా కట్టిన ఇళ్లలో, ఒక గది, ఒక వసారా, పొయ్యి పెట్టుకునేంత చోటు. ఆ ఇంట్లోనే మూడు తరాలు పెరిగాయి. మారికుప్పం, చాంపియన్ రీఫ్స్, ఊరుగాం, కోరమండల్ లైన్లలో నేటికీ వేలాది కుటుంబాలున్నాయి. తాతలు గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు, మనవలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి వంద కిలోమీటర్ల దూరం బెంగళూరికి కూలికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు. అంత కష్టపడి రోజూ వెనక్కి ఎందుకు రావాలి? వాళ్ల సంపాదనతో బెంగళూరులో సంసారం సాగదు, ఇక్కడైతే లైన్ ఇంట్లో సాగుతుంది. కేజీఎఫ్ నేటికీ పేదవాడు బతకగలిగిన ఊరు. దాన్ని అలాగే నిలబెట్టుకోవాలన్నదే మా మాట.

అలా నిలవాలంటే మొదట కావలసింది కాగితం. లైన్లలో ఎన్నో కుటుంబాలకు తాము ఉంటున్న ఇల్లు తమదని చెప్పే పత్రం ఇప్పటికీ చేతికి రాలేదు. స్థలం కేంద్ర ప్రభుత్వ కంపెనీ బీజీఎంఎల్‌ది. మంచినీళ్లు, మోరీలు చూడవలసింది నగరసభ. హక్కుపత్రం మాట ఎత్తితే కంపెనీ ఢిల్లీ వైపు చూపిస్తుంది, రాష్ట్రం కంపెనీ వైపు చూపిస్తుంది. ఈలోగా ఇంటి మీద రేకు మార్చుకోవాలన్నా బ్యాంకు అప్పివ్వదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో సొంత జాగాలో ఇల్లు కట్టుకునే పేద కుటుంబానికి కేంద్రం 1.5 లక్షల రూపాయలిస్తుంది. జాగా తనదని చూపించలేని గనికార్మికుడి వితంతువుకు అందులో ఒక్క రూపాయి రాదు. యాభై ఏళ్లు ఆ గడప తొక్కిన మనిషికి ప్రభుత్వ పథకం అక్కరకు రాలేదంటే తప్పు ఆ మనిషిది కాదు. కాగితం ఇవ్వనివాళ్లది.

ఇలాంటి పని కొత్తదేమీ కాదు. తెలంగాణలో సింగరేణి భూముల్లో ఇళ్లు కట్టుకుని దశాబ్దాలుగా ఉంటున్న వాళ్లకు అక్కడి ప్రభుత్వం జీఓ 76 కింద పట్టాలిచ్చింది. బెల్లంపల్లి, మందమర్రి వంటి ఊళ్లలో గనికార్మికుల పిల్లలు ఇవాళ తమ ఇంటికి తామే యజమానులు. జర్మనీలో ఓబర్‌హౌజెన్ పట్టణంలో 1846లో మొదలైన ఐజెన్‌హైమ్ అనే కార్మికుల వాడ ఉంది. 1970ల్లో దాన్ని పడగొట్టి కొత్త కట్టడాలు లేపాలని చూస్తే, అందులో ఉంటున్న కార్మిక కుటుంబాలే ఏకమై ఆపాయి. ఆ ఇళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి, వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు. మన లైన్లు ఆ వాడకన్నా తక్కువవి కావు.

హక్కుపత్రం ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే బేతమంగళం దాకా వచ్చేసింది. బ్రోకర్లు ఇప్పటికే ఈ చుట్టుపక్కల పొలాల వెంట తిరుగుతున్నారు. రేపు పత్రం చేతికి రాగానే, పెళ్లి ఖర్చుకో ఆసుపత్రి ఖర్చుకో ఇరుకులో పడ్డ కుటుంబం దగ్గర చౌకగా కొట్టేయాలని చూస్తారు. అందుకే పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి, కొన్నేళ్లపాటు బయటివాళ్లకు అమ్మకుండా షరతు ఉండాలి. 'నా ఇల్లు నేను అమ్ముకోకూడదా' అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే శాశ్వత నిషేధం వద్దంటున్నాం. ఇల్లు అమ్ముకుని మళ్లీ బెంగళూరు పీజీలో మంచం వెతుక్కోవలసిన గతి మన పిల్లలకు పట్టకూడదు, ఆ కొన్నేళ్ల గడువు అందుకే.

మరుగుదొడ్డి సంగతి విడిగా చెప్పాలి. గని కంపెనీ లైన్లకు ఇంటింటికీ దొడ్డి కట్టలేదు, వరసగా సామూహిక పొడి దొడ్లు కట్టింది. వాటిని చేతులతో ఎత్తడానికి మన తెలుగు దళితుల్నే పెట్టింది. 1966లో కేజీఎఫ్‌లో అలాంటి కుటుంబంలోనే పుట్టిన బెజవాడ విల్సన్ దీన్ని చూసి సహించలేకపోయాడు. అధికారులకు ఉత్తరాలు రాశాడు, ఫొటోలు తీయించి బయటపెట్టాడు, అక్కడి పొడి దొడ్లు మూయించేదాకా ఊరుకోలేదు. ఆ పోరాటమే దేశమంతటా పాకిన సఫాయి కర్మచారి ఆందోళన్ అయింది, 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. దేశానికి ఆ పాఠం చెప్పిన ఊళ్లో ఇప్పటికీ ఆడవాళ్లు దొడ్డికి వీధి చివరిదాకా నడవవలసిన లైన్లు ఉండటం సిగ్గుచేటు. ఇంటికొక దొడ్డి, దానికి నీళ్లు, మురుగు పోవడానికి భూమిలో పైపు. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా బాగుచేశామని చెప్పుకోవడానికి లేదు.

సైనైడ్ దిబ్బల సంగతి తెలియనివారు లేరు. బంగారం తీసిన తర్వాత మిగిలిన 3 కోట్ల టన్నులకు పైగా మట్టి అక్కడ కొండల్లా పడి ఉంది. గాలి కాలంలో ఆ దుమ్ము లైన్ల ఇళ్లలో అన్నం కుండలోకి వచ్చి పడుతుంది. 2024లో కర్ణాటక మంత్రిమండలి పదమూడు దిబ్బల్లో మళ్లీ బంగారం తీయడానికి ఒప్పుకుంది. తీయనివ్వండి, మేము అడ్డుపడటం లేదు. దుమ్ము లేవకుండా తడిపే ఏర్పాటు, మట్టి ఎత్తేసిన జాగాలో చెట్లు, పక్క లైన్ల వాళ్లకు ఉచిత వైద్య పరీక్షలు, వచ్చే ఆదాయంలో లైన్ల బాగుకు నిర్ణీత వాటా, ఇవన్నీ ఒప్పందంలో రాయకుండా ఒక్క బండి మట్టి కూడా కదలకూడదు. గని మీద ఉన్న నేల గట్టిదేనా అన్న భయమూ ఉంది. ఆ భయం నిజమైనదే, గనుల్లో రాళ్లు పగిలి పైన ఇళ్లు అదిరిన ఊరది. రాతి యంత్రశాస్త్ర జాతీయ సంస్థ పుట్టిందే కేజీఎఫ్‌లో. వాళ్ల చేత లైన్ల వారీగా పరీక్ష చేయించి, ఏది ఉండదగింది, ఏది ఖాళీ చేయించాలన్నది జనానికి చదివి వినిపించాలి. ఖాళీ చేయించిన వాళ్లకు అదే పట్టణంలో జాగా ఇవ్వాలి.

ఇక ఖాళీగా పడి ఉన్న క్వార్టర్లు. తలుపులు పీకేసినవి, చెట్లు మొలిచినవి ఎన్నో ఉన్నాయి. 2020లో కేంద్రం ఖాళీ ప్రభుత్వ ఇళ్లను బాగుచేసి వలస కూలీలకు చౌక అద్దెకిచ్చే పథకం ప్రకటించింది. ఆ దారిలోనే ఈ క్వార్టర్లను నగరసభ చేతికిచ్చి, బాగుచేసి, మన జిల్లా కూలీలకు అద్దెకివ్వాలి. కూలి సంపాదనలో అయిదో వంతుకు మించకుండా అద్దె ఉండాలి, అడ్వాన్సు ఒక నెలకు మించకూడదు. పొద్దున, సాయంత్రం మారికుప్పం రైళ్లకు బోగీలు పెంచాలి. కేజీఎఫ్ నుంచి నరసాపుర ఫ్యాక్టరీలకు షిఫ్టు వేళల్లో బస్సు వేయాలి. రాయల్పాడు పిల్లవాడికి ఇంతకన్నా దగ్గరలో, ఇంతకన్నా చౌకగా కాపురం పెట్టే చోటు వేరే లేదు.

'కేజీఎఫ్ సంగతి మనకెందుకు' అని మన ఊళ్లో పెద్దలు అనవచ్చు. ఇవాళ లైన్ల వాళ్లను విడిచిపెడితే, రేపు మన పిల్లలకు ఇల్లు కావాలన్నప్పుడు ఆ నేల మీద గేటు పెట్టిన లేఔట్లు ఉంటాయి. అప్పుడు అడిగినా వినేవారుండరు.

వచ్చే గ్రామసభలో మీ పంచాయితీ చేత తీర్మానం చేయించండి. లైన్లలో ఉన్నవాళ్లు ఇంటి నంబరు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఎవరు గనిలో పనిచేశారు అన్న వివరాలతో అర్జీ రాసి, నకలు దాచుకుని, డీసీ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. మన ఎంపీనీ ఎమ్మెల్యేలనూ ఈ రెండు మాటలు అడగండి: హక్కుపత్రం ఎప్పుడిస్తారు, ఖాళీ క్వార్టర్లు ఎప్పుడు తెరుస్తారు? తారీఖు చెప్పేదాకా అడగండి. తమిళం, కన్నడం, తెలుగు, ఉర్దూ ఏ భాషవారైనా కలిసి రండి.

ఇట్లు,
రాయల్పాడు హోబళి పౌరులు, కోలారు జిల్లా