పాఠం వస్తుంది, బడి రాదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను రెండు రోజులు ఆలోచనలో పడేసింది. పేరూ వూరూ వ్రాయవద్దన్నారు ఆ సోదరి, వ్రాయను. ఆమె భర్త వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు. పని ఎక్కడుంటే కాపురం అక్కడ. పెద్ద పిల్లవాడు ఏడో తరగతికి వచ్చేలోపల నాలుగు బడులు మారాడు. మళ్ళీ బదిలీ మాట వినబడగానే, "అమ్మా, నేనిక కొత్త బడికి వెళ్ళను" అని కంచం ముందునుంచి లేచిపోయాడట.

"బడి మాన్పించి ఆన్‌లైన్‌లోనే చదివిద్దామని మావారు అంటున్నారు. నేను ఇంటినుంచే లెక్కల ఉద్యోగం చేస్తున్నాను. ఉదయం తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా కంప్యూటరు ముందే. మా అత్తగారికి 78 ఏళ్ళు. చిన్నది యు.కె.జి. ఎలాగూ నేను ఇంట్లోనే వుంటాను గదా, వీడి చదువు కూడా జరిగిపోతుందంటారా?" ఇదీ ఆమె ప్రశ్న.

ఆ "ఎలాగూ ఇంట్లోనే వుంటాను గదా" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అమ్మా, ఇంట్లో వుండటం వేరు, ఖాళీగా వుండటం వేరు. ఈ తేడా నాకు ఎలా తెలిసివచ్చిందో ముందు చెబుతాను.

2020లో ఉగాది పండుగకని వారం ముందుగా హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. పండుగ మార్చి 25న. ఆ రోజునుంచే దేశమంతటా లాక్‌డౌన్. పది రోజులకని తీసుకువెళ్ళిన చీరలతో పది నెలలు గడిపాను. రెండు గదుల ఇల్లు. అమ్మాయికీ అల్లుడుగారికీ ఆఫీసు పని ఇంట్లోనే. మనవరాలు తొమ్మిదో తరగతి, మనవడు రెండో తరగతి. జూన్ వచ్చేసరికి పిల్లలకు బడి కూడా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

మొదటి వారం అంతా వేడుకగానే వుంది. పాఠం మధ్యలో కుక్కరు కూత పెడితే తరగతంతా నవ్వేది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వెనకనుంచి వెళితే, "అమ్మమ్మా, నువ్వు అందరికీ కనబడుతున్నావు!" అని మనవడు కేక పెట్టేవాడు. రెండో వారానికి వేడుక తగ్గి లెక్క మొదలైంది. మనుషులు నలుగురు, కంప్యూటర్లు రెండు, ఫోన్లు రెండు. పదిన్నరకు అమ్మాయికి మీటింగు, అదే వేళకు పిల్లవాడికి లెక్కల పాఠం. అన్నం ఎప్పుడు వండాలి, మిక్సీ ఎప్పుడు వెయ్యాలి అన్నది గడియారం చూసి కాక, ఎవరి మైకు తెరిచి వుందో చూసి నిర్ణయించుకోవలసి వచ్చేది.

అమ్మాయి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేది. వంట ముగించి, పిల్లలను లేపి, టిఫిను పెట్టి, ఎవరి పాఠం లంకె వాళ్ళకు తెరిచి ఇచ్చి, తను ఆఫీసు పనికి కూర్చునేది. ఒక చెవి తన మీటింగులో, రెండో చెవి పిల్లవాడి గదిలో. అల్లుడుగారు మంచి మనిషే. కాని ఆయన గది తలుపు వేసుకుంటే "నాన్న పనిలో వున్నారు" అని పిల్లలు మెల్లిగా నడిచేవాళ్ళు. అమ్మ తలుపు వేసుకుంటే మాత్రం తోసుకుని లోపలికి వెళ్ళేవాళ్ళు. ఒకే ఇల్లు, ఒకే రకం ఉద్యోగం. తలుపులకు మాత్రం రెండు న్యాయాలు.

ఇక అసలు సంగతి. మనవడి హాజరు నిక్షేపంగా వుండేది. రోజూ తెరమీద వాడి పేరు, వాడి మొహం. రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం వాడి పుస్తకం తిరగేశాను. 52లోనుంచి 27 తీసివేస్తే 35 అని వ్రాశాడు. ఆ పేజీ అంతా అంతే. పైదైనా కిందదైనా సరే, పెద్ద అంకెలోనుంచి చిన్న అంకె తీసేసుకుంటూ పోయాడు. పక్క స్థానంలోనుంచి పది తెచ్చుకోవాలన్న సంగతి వాడికి ఎక్కనే లేదు.

"టీచరుగారిని అడగలేదా, నాన్నా?" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నా కొంగు మడతపెడుతూ, "అర్థం కాలేదని చెబితే అందరికీ వినిపిస్తుంది గదా, అమ్మమ్మా" అన్నాడు.

నా గుండె కలుక్కుమంది. నిజమే. బడిలో అయితే పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తాడు, గుసగుసగా అడుగుతాడు. వరసల మధ్య తిరుగుతూ వచ్చిన టీచరు పుస్తకం చూడగానే పట్టుకుంటుంది. తెరమీద గుసగుస లేదు. మాట్లాడితే అందరికీ వినబడుతుంది, లేదా ఎవరికీ వినబడదు. రెండు నెలలపాటు ఆ పసివాడు తన అవమానాన్ని మైకు మూసి దాచుకున్నాడు. వాడు చదువుకుంటున్నాడని మేము సంతోషిస్తున్నాము!

ఆ సాయంత్రం చింతగింజలు తీశాను. పదేసి గింజలకు ఒక పొట్లం కట్టాము. అయిదు పొట్లాలూ, విడిగా రెండు గింజలూ వాడి ముందు పెట్టి, "నాకు 27 బాకీ తీర్చు" అన్నాను. రెండు పొట్లాలు ఇచ్చాడు. ఏడు గింజలు ఇవ్వబోతే విడిగా రెండే వున్నాయి. కాసేపు చూశాడు. తనంతట తనే ఒక పొట్లం విప్పాడు. "అమ్మమ్మా, 25 మిగిలాయి!" అని వాడు ఎగిరిన ఎగురు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు వుంది. టీచరు చెప్పిందీ అదే లెక్క. తెర తప్పేమీ లేదు. వాడి పక్కన మనిషి లేకపోవడమే తప్పు.

ఇక మనవరాలి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. రికార్డు చేసిన పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, రెండుమూడుసార్లు వినేది. బడిలో సిగ్గుపడి అడగని ప్రశ్నలను టీచరుకు వ్రాసి పంపేది. బస్సు ప్రయాణం మిగిలిందని సంతోషించింది. కాని స్నేహితురాళ్ళు లేక డిసెంబరు నాటికి ఆ పిల్లా వాడిపోయింది. కనుక ఆన్‌లైన్ చదువు మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేము. ఏ వయస్సుకు, ఎంతసేపు, పక్కన ఎవరు అని విడదీసి అడగాలి.

ఎంతసేపన్న దానికి పెద్దలు చెప్పిన లెక్క ఒకటి వుంది. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం "ప్రజ్ఞాత" పేరుతో సూచనలు ఇచ్చింది. 1నుంచి 8 తరగతులవారికి రోజుకు 30 నుంచి 45 నిమిషాల పాఠాలు రెండుకు మించవద్దన్నది. 9నుంచి 12 వరకు నాలుగుకు మించవద్దన్నది. అంటే మీ ఏడో తరగతి పిల్లవాడు తెరముందు కూర్చోవలసింది రోజుకు గంటన్నర. మిగతా రోజంతా వాడు ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తూ వుంటాడు? ఆరు గంటల బడి చేసే పనిలో పాఠం ఒక భాగం మాత్రమే గదా.

దూరంనుంచి పాఠం రావడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజను పాఠాలు వచ్చాయి. 2020 సెప్టెంబరు 1నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా బడిపిల్లలకు పాఠాలు వచ్చాయి. ఇంటర్నెట్ లేని ఇళ్ళకు అవి ఎంతో ఆదుకున్నాయి. కాని మొదటిసారి పిల్లలు వూళ్ళో ఒకచోట చేరి చూశారు. రెండోసారి ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని చూశారు. పాఠం ఆకాశంనుంచి వస్తుందమ్మా. బడి మాత్రం రాదు. దాన్ని ఎవరో ఒకరు పెట్టాలి. గంట కొట్టడం, పుస్తకం తీయించడం, దిద్దడం, మందలించడం, ఆటకు పంపడం, ఇవన్నీ ఇంట్లో ఎవరో ఒకరి నెత్తిన పడతాయి. ఎవరి నెత్తిన పడతాయో నేను చెప్పనక్కరలేదు.

కనుక సోదరీ, నా సలహా ఇది. ఇప్పుడే బడి మాన్పించవద్దు. ముందు వేసవి సెలవుల్లో రెండు వారాలు పరీక్షించి చూడండి. కాగితం మీద ఇంటిల్లిపాది దినచర్య వ్రాయండి. పిల్లవాడి ప్రతి గంటకూ ఎదురుగా ఒక పెద్దవారి పేరు వ్రాయాలి. ఒకే గంటకు ఆఫీసు పనికీ, అత్తగారి మందులకూ, పిల్లవాడి లెక్కలకూ మీ పేరే వస్తే, ఆ ఏర్పాటు కాగితం మీదే కూలిపోయినట్లు. మీవారు ఏ గంట తీసుకుంటారో ఆయన చేతనే వ్రాయించండి. రాత్రి భోజనానికి ముందు అరగంట పుస్తకాలు దిద్దడమైనా సరే, అది ఆయన పని కావాలి. "సహాయం చేస్తాను" అనే మాట చాలదు. అత్తగారికి ఓపిక వుంటే తెలుగు చదివించే వంతు ఆమెకు ఇవ్వండి; ఇద్దరికీ పొద్దు పోతుంది.

బడి మారడంవల్ల తప్పిపోయిన పాఠాలకు ఆన్‌లైన్‌ను తప్పకుండా వాడుకోండి. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాల్లో పాఠాలదగ్గర ముద్రించిన నల్లని చదరపు గుర్తును ఫోనుకు చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. డబ్బు కట్టనక్కరలేదు.

రేపు పదో తరగతి వేళకు కూడా బదిలీలు తప్పకపోతే, 1989నుంచి నడుస్తున్న జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్.ఐ.ఓ.ఎస్., వుంది. 14 ఏళ్ళు నిండితే పదో తరగతికి చేరవచ్చు. అయిదు సబ్జెక్టులు, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఒకసారి పేరు నమోదైతే అయిదేళ్ళ గడువు. తెలుగు మాధ్యమం కూడా వుంది. ఒక్క జాగ్రత్త: ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే కంపెనీ వేరు, సర్టిఫికెట్టు ఇచ్చే బోర్డు వేరు. ఫీజు కట్టేముందు, పరీక్ష ఎవరు పెడతారో, సర్టిఫికెట్టు మీద ఎవరి పేరు వుంటుందో కాగితం మీద వ్రాయించుకోండి.

అన్నిటికన్నా ముందు చెయ్యవలసిన పని ఇంకొకటి వుంది. ఈ రాత్రి కంప్యూటరు మూసి, పిల్లవాడి పక్కన కూర్చోండి. కొత్త బడిలో వాడికి ఏది కష్టంగా వుందో అడగండి. భాషా? లెక్కలా? మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కడే కూర్చోవడమా? మా మనవడు రెండు నెలలు దాచుకున్న మాట చెప్పడానికి వాడికి కావలసింది నా కొంగు అంచూ, కాస్త తీరికా మాత్రమే. మీ వాడూ ఏదో మాట దాచుకున్నాడని నా అనుమానం. అది విన్న తరవాత బడి సంగతి తేల్చవచ్చు. ఏం చెప్పాడో నాకు వ్రాయండి.