విక్టోరియా రాణి తెల్ల రిబ్బను

యుద్ధంలో పరాక్రమం చూపినవారికి పతకాలు ఇస్తారని మీకు తెలుసు. ఏ ఘనకార్యమూ చేయనక్కర లేకుండా, ఆడవారికి మాత్రమే ఇచ్చిన పతకం ఒకటి ఇంగ్లండులో ఉండేది. దానిపేరు "రాయల్ ఆర్డర్ ఆఫ్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్".

విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు. ఆమెకు స్వయానా మేనమామ కొడుకే. ఆయన 1861 డిసెంబరు 14న, 42వ ఏట చనిపోయాడు. రాణి దుఃఖానికి అంతులేదు. ఆనాడు కట్టిన నల్లబట్టలు, సుమారు 40 ఏళ్ళకు తాను పోయేదాకా ఆమె విడవలేదు. భర్త పోయి రెండు నెలలు నిండకముందే, 1862 ఫిబ్రవరి 10న, ఈ పతకాన్ని నెలకొల్పింది.

దానిమీద రాణి ముఖమూ, ఆల్బర్టు ముఖమూ జంటగా ఉండేవి. అవి రంగులతో వేసినవి కావు. ఆనిక్స్ అనే రాతిలో తెల్లపొర, ముదురుపొర ఒకదానిమీద ఒకటి ఉంటాయి. పనివాడు తెల్లపొరలో ముఖాలు మాత్రం మిగిల్చి, చుట్టూ ఉన్నది చెక్కివేస్తాడు. అప్పుడు అడుగున ఉన్న ముదురుపొర బయటపడి, దానిమీద తెల్లని బొమ్మలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఈ చెక్కడాన్ని కేమియో అంటారు. బొమ్మ చుట్టూ రాళ్ళు పొదిగిన అంచు, పైన చిన్న కిరీటం, దానికి పువ్వులాగా ముడివేసిన తెల్ల పట్టు రిబ్బను. దాన్ని ఎడమ భుజానికి తగిలించుకునేవారు.

పతకంలో నాలుగు తరగతులు ఉండేవి. తరగతి తగ్గినకొద్దీ రాళ్ళు తగ్గేవి. నాలుగోదానిలో ముఖాలే ఉండవు, ఇద్దరి పేర్ల పొడి అక్షరాలు మాత్రం ఉంటాయి. రాచకుటుంబపు స్త్రీలకూ, రాణి కొలువులో ఉండే స్త్రీలకూ ఇది దక్కేది. దీనివల్ల బిరుదు రాదు, హోదా పెరగదు. అయితే, దాన్ని ధరించిన మనిషి ఎదురైనప్పుడల్లా రాణికి భర్త ముఖం కనిపించేదన్నమాట!

ఆ రాణే 1878లో "ఆర్డర్ ఆఫ్ ది క్రౌన్ ఆఫ్ ఇండియా" అని మరొకటి పెట్టింది. అదీ స్త్రీలకే. భోపాల్‌ను ఏలిన సుల్తాన్ జహాన్ బేగంకు కూడా అది వచ్చింది. కాని అది రాజ్యతంత్రానికి సంబంధించిన సంగతి. 1947లో మనకు స్వాతంత్ర్యం రాగానే దాన్ని ఇవ్వటం ఆగిపోయింది.

తెల్ల రిబ్బను కథ వేరు. 1901లో విక్టోరియా చనిపోయాక దాన్ని ఎవరికీ కొత్తగా ఇవ్వలేదు. ఉన్నవారు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి మిగిలింది రాణి మనుమరాలు ఆలిస్. ఆమె 1981లో, 97వ ఏట కన్నుమూసింది. ఆలిస్ పుట్టింది 1883లో. భుజాన ధరించిన ఆ తాతగారిని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.