మా ఓమ్నీని అమ్మొద్దు

సినిమాలో తెల్ల ఓమ్నీ కనిపించిందంటే మనందరికీ తెలుసు, ఎవర్నో ఎత్తుకెళ్ళబోతున్నారని. తెలుగైనా తమిళమైనా అదే సీను. పక్క తలుపు సర్రున జరుగుతుంది, రోడ్డు మీద నడిచి వెళ్తున్న అమ్మాయి మాయమైపోతుంది. మా ఇంట్లో ఉన్నదీ తెల్ల ఓమ్నీయే. కాలేజీ గేటు దగ్గర దిగితే ఫ్రెండ్స్ "కిడ్నాప్ వ్యాన్ వచ్చిందే" అంటారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను. కానీ ఇప్పుడు మా అప్పా దాన్ని అమ్మేస్తానంటున్నారు. అందుకే ఈసారి గోడపత్రికకి కవిత ఇవ్వకుండా ఇది రాస్తున్నాను.

మాది 2009 మోడల్. మా పాట్టిని గుడికి, ఆస్పత్రికి తీసుకెళ్ళడానికని అప్పా కొన్నారు. పక్క తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నా పాట్టి సులువుగా ఎక్కేది. పాట్టి పోయాక బండి కదలడం తగ్గిపోయింది. పదిహేనేళ్ళు నిండాక ఎఫ్.సి. చేయించి, ఐదువేలు రెన్యూవల్ ఫీజు కట్టి, దానిమీద గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో ఐదేళ్ళకి కాగితాలు తెచ్చుకున్నాం. "ఊరికే నిలబెట్టడానికి ఇంత ఖర్చెందుకు?" అన్నది అప్పా ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, ఊరికే నిలబెట్టొద్దు, రాత్రి పడుకోవడానికి వీలుగా మార్చుకుని మనమే బయటికి వెళ్దాం.

ఎందుకంటే పోయిన ఏడాది చలికాలంలో నేలపట్టు పక్షుల్ని చూడాలని మేం నలుగురు స్నేహితులం అనుకున్నాం. సూళ్ళూరుపేట దాటాక, పులికాట్ సరస్సుకి దగ్గరలోనే ఉంది. పెద్ద పెద్ద గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. తెల్లవారుజామున చూస్తేనే బాగుంటుందట. మా పెదనాన్న కొడుకులు బైకుల మీద ఒక టెంటు కట్టుకుని వెళ్ళి చూసొచ్చారు. మా నలుగురి ఇళ్ళల్లో మాత్రం ఒకే మూడు ప్రశ్నలు. రాత్రి ఎక్కడ పడుకుంటారు? బాత్రూముకి ఎక్కడికి వెళ్తారు? బట్టలు ఎక్కడ మార్చుకుంటారు? ప్రయాణం ఆగిపోయింది.

ఆ ప్రశ్నలడిగిన అమ్మల మీద నాకు కోపం లేదు. హైవే పక్కన పెట్రోల్ బంకులో తలుపుకి గడియ లేని టాయిలెట్ ముందు ఒకరికొకరం కాపలా నిలబడిన అనుభవం మనందరికీ ఉంది. టెంటుకి జిప్ ఉంటుంది, తాళం ఉండదు. వ్యాన్‌కి తాళం ఉంటుంది. అబ్బాయిలకి క్యాంపింగ్ వ్యాన్ ఒక సరదా కావచ్చు, మనకి మాత్రం అదే ఇంట్లోవాళ్ళ నుంచి వచ్చే పర్మిషన్.

అలా అని నేను గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఈ జనవరిలో అమ్మా నేనూ ఓమ్నీలో బయల్దేరాం. అమ్మ డ్రైవింగ్, నేను పక్క సీటు. అంతకుముందు రెండు నెలలు పరుపు కుట్టించాం, పూల కర్టెన్లు వేశాం, లోపలంతా చిన్న చిన్న లైట్లు కట్టాం. ఫోటోల్లో చాలా బాగా వచ్చింది. గుమ్మిడిపూండి దాటగానే టెంపరేచర్ ముల్లు పైకెక్కింది. ఓమ్నీకి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కదా, నా సీటు కూడా పెనంలా కాలింది. పక్కన ఆపేశాం. మెకానిక్ వచ్చి చూసి నాతో అన్న మొదటి మాట "పాప్పా, అప్పావ వర చొల్లు." మీ నాన్నని రమ్మను అని. బండి నడిపిన అమ్మ అక్కడే నిలబడి ఉంది. చివరికి ఆయన అప్పాతో ఫోన్లో మాట్లాడాడు, జబ్బూ ధరా రెండూ వాళ్ళిద్దరే తేల్చుకున్నారు. చీలిపోయిన రేడియేటర్ గొట్టం. ఎండిపోయి గీతలు పడి ఎన్నాళ్ళయిందో, రెండు నెలల్లో మేం ఒక్కసారీ సీటు ఎత్తి చూడలేదు.

నా అభిప్రాయం ఆ రోడ్డు పక్కన పుట్టిందే. పాత వ్యాన్‌ని మార్చుకోవాలనుకునేవాళ్ళు పరుపుతో మొదలుపెట్టకూడదు, బండి కింద నుంచి మొదలుపెట్టాలి.

ఆ తర్వాత నేను నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. చెన్నైలో బండికి మొదటి శత్రువు ఉప్పుగాలి. నేల మీది మ్యాట్ తీసి తుప్పు చూడాలి, స్లైడింగ్ డోర్ జరిగే పట్టీ చూడాలి. రెండోది వాన నీళ్ళు. 2015 డిసెంబరు వరదలో, 2023 మిచాంగ్ తుఫానులో ఎన్ని బండ్లు మునిగాయో మనం కళ్ళారా చూశాం. ఎవరైనా పాత వ్యాన్ కొంటుంటే సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. అంత లోపల బురద మరక ఉంటే ఆ బండి నీళ్ళలో మునిగిందని అనుమానించాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మాది పెద్దగా తిరగలేదు కాబట్టి టైర్లు కొత్తవాటిలా ఉన్నాయనుకున్నాం, అంకెలు చూస్తే ముసలివి. కూలెంటు, బ్రేక్ ఆయిలు, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఒక నోటుబుక్కులో తేదీలతో రాస్తున్నాను. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదన్నది మాత్రం అమ్మకి ముందే తెలుసు, లేకపోతే ఆ రోజు చేతులు కాలేవి.

ఇక మార్పుల సంగతి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి చెప్తూ, కంపెనీ ఇచ్చిన నమూనాకి భిన్నంగా బండి నిర్మాణాన్ని మార్చకూడదంది. కాబట్టి టాప్ కోసి ఎత్తు పెంచడం, బాడీ కోసి కొత్త కిటికీ పెట్టడం లాంటివి మనకొద్దు. రేపు ఇన్సూరెన్స్ దగ్గరా ఇబ్బందే. మేం సీట్లు కూడా పీకలేదు. వెనక సీటు మడిచి, దానిమీద పెట్టి తీసేసే ప్లైవుడ్ బల్ల చేయించాం. దాని కింద సామాను. బూరుగుదూది పరుపు రెండు ముక్కలు. నేను ఐమూలగా పడుకుంటే కాళ్ళు చాపుకోవచ్చు. కిటికీలకి అంటించి పీకేసే దోమతెర. మూత ఉన్న బకెట్టు, చుట్టూ కట్టడానికి పాత దుప్పటి. ఫ్యానుకీ లైటుకీ వేరే చిన్న బ్యాటరీ, దానికి ఫ్యూజు తప్పనిసరి. టాప్ మీద బరువు పెట్టం, సన్నగా ఎత్తుగా ఉండే బండి కదా, హైవేలో లారీ పక్కనుంచి పోతేనే ఊగుతుంది. వంట ఎప్పుడూ బయటే. తలుపులు మూసుకుని లోపల స్టవ్వు వెలిగించినా, ఇంజను ఆన్‌లో ఉంచి నిద్రపోయినా వాసనైనా తెలియని విషవాయువు ప్రాణం తీస్తుంది.

"ఆ బండికి సేఫ్టీ ఎక్కడిది?" అని మా అన్న అంటాడు. అది నిజం. 1984లో మారుతి వ్యాన్ అనే పేరుతో వచ్చిన ఈ బండి 2019లో ఆగిపోయిందే కొత్త భద్రతా నిబంధనలకి సరిపోలేక. ఎయిర్‌బ్యాగులు లేవు, ముందు కూర్చున్నవాళ్ళకీ ఎదుటి బండికీ మధ్య పెద్దగా ఏమీ లేదు. అందుకే మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. అరవై దాటం. చీకటి పడ్డాక నడపం. ఘాట్ రోడ్లు ఎక్కం. వంద, నూటయాభై కిలోమీటర్ల లోపలే. కనబడ్డ అడవిలో దూరం, అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండకూడదు కూడా. తెలిసినవాళ్ళ దొడ్లోనో, డబ్బిచ్చి పెట్టుకునే తోటలోనో ఆపుతాం. పాత బండి పొగ సంగతి కూడా ఒప్పుకుంటాను. పొల్యూషన్ టెస్టు ఫెయిలైన రోజున నేనే అమ్మేయమంటాను. ఏడాదికి నాలుగైదు సార్లు తిరిగే బండికి అంతకన్నా ఎక్కువ వాదించను.

కేరళలో 2021లో ప్రభుత్వమే క్యారవాన్ టూరిజం విధానం ప్రకటించింది. ఏసీ, వంటగది, బాత్రూము అన్నీ ఉన్న పెద్ద బండ్లు. బాగుంటాయి. కానీ అలాంటివి అద్దెకి తీసుకోవడానికి స్టూడెంట్ల దగ్గర డబ్బెక్కడిది? చాలా ఇళ్ళల్లో మాలాగే పాట్టి కోసమో, అమ్మమ్మ కోసమో కొన్న పాత వ్యాన్ ఒకటి కవరు కప్పుకుని పడి ఉంటుంది. మన చేతికి అందేది అదే.

దాన్ని అందుకోవాలంటే డ్రైవింగ్ ఒక్కటే చాలదు. మనకి లైసెన్స్ ఇప్పిస్తారు కానీ బానెట్ ఎత్తనివ్వరు. స్పానర్ పట్టుకుంటే "చేతులు పాడవుతాయి" అంటారు. రోడ్డు మీద బండి ఆగినప్పుడు "నాన్నని రమ్మను" అనే మాటకి "ఏమైందో నాకు చెప్పండి" అని తిరిగి అనాలంటే కొంచెమైనా తెలిసుండాలి. పోయిన నెల పుదుపేటకి అప్పాతో వెళ్ళి గొట్టాలు, క్లాంపులు నేనే అడిగి కొన్నాను. పేర్లు కొన్ని తమిళంలో, కొన్ని ఇంగ్లీషులో, కొన్ని చేత్తో చూపించి. కొట్టాయన అప్పా వైపు చూసి మాట్లాడుతుంటే అప్పాయే "ఆమెనే అడగండి" అన్నారు. నాకు ఆ మాట చాలు.

అప్పా దీపావళి వరకు గడువిచ్చారు. అప్పటికి నేను ఒక్కదాన్నే ఆయిలు మార్చి, స్టెప్నీ వేసి చూపిస్తే బండి ఉంటుంది, లేకపోతే పోతుంది. స్టెప్నీ వచ్చేసింది. ఆయిల్ ఫిల్టరు ఇంకా బిగుసుకుని నన్ను ఏడిపిస్తోంది.

శనివారం క్లాసులయ్యాక మా ఇంటి ముందు దానితో కుస్తీ పడుతూ ఉంటాను. నేర్చుకోవాలనుకునేవాళ్ళు పాత చుడీదార్ వేసుకుని రండి. బండి నిలిచిందంటే ఈ చలికాలం నేలపట్టుకి అమ్మతో కలిపి ఐదుగురికి చోటుంది, అందులో రెండు ఇంకా ఖాళీ.

— బి.ఏ. రెండో సంవత్సరం